ఆయిల్ ప్రింట్‌కు ఏ డైక్రోమేట్ కొనాలి? రెండు సీసాలు, ఒక పరీక్ష

పొటాషియం డైక్రోమేట్, అమ్మోనియం డైక్రోమేట్. కెమికల్స్ షాపులో రెండూ నారింజ రంగు పలుకులే, రెండు సీసాల మీదా దాదాపు అవే ప్రమాద గుర్తులు. ఆయిల్ ప్రింట్ (జెలటిన్ పూసిన కాగితం మీద జిడ్డు ఇంక్‌తో ఫొటో అచ్చు వేసే పాత పద్ధతి) మొదలుపెట్టేవాళ్లు ఏది దొరికితే అది కొనేస్తారు. ప్రింట్ చెడితే గాఢత పెంచుతారు, మళ్లీ చెడితే ఎక్స్‌పోజర్ పెంచుతారు. అయినా ఇంక్ పట్టాల్సిన చోట పట్టదు, తెల్లగా ఉండాల్సిన చోట మాత్రం అంటుకుంటుంది. ఈ రెంటిలో ఏది కొనాలి, ఎంత గాఢతలో వాడాలి, తేడా వచ్చినప్పుడు తప్పు సెన్సిటైజర్‌దా (జెలటిన్‌ను వెలుగుకు స్పందించేలా చేసే ఈ డైక్రోమేట్ ద్రావణానిదా), వెలుగుదా, నానబెట్టిన నీళ్లదా అని ఎలా తేల్చుకోవాలి, ఇవే ఇక్కడి సంగతులు.

కొనడానికి తొందరపడేవాళ్ల కోసం తీర్పు ముందే చెబుతున్నాను. చాలామందికి పొటాషియం డైక్రోమేట్ సరిపోతుంది, 3 శాతం ద్రావణంగా. కోస్తాలో వానాకాలం పనిచేసేవాళ్లు మాత్రం అమ్మోనియం డైక్రోమేట్ తీసుకుని ఆల్కహాల్‌తో కలిపి వాడుకోవడం మేలు.

పద్ధతి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. మందంగా జెలటిన్ పూసిన కాగితానికి డైక్రోమేట్ పట్టించి, చీకట్లో ఆరబెట్టి, నెగటివ్ కింద పెట్టి అతినీలలోహిత కాంతి చూపిస్తాం. వెలుగు తగిలినంత మేరా జెలటిన్ గట్టిపడుతుంది. పసుపు పోయేదాకా చన్నీళ్లలో కడిగి, మళ్లీ నానబెడితే గట్టిపడని జెలటిన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. పైతడి అద్దేసి, జిడ్డు ఇంక్‌ను బ్రష్‌తో పొడుస్తూ పోతే గట్టిపడ్డ చోట పట్టుకుంటుంది, నీళ్లు తాగిన చోట పట్టుకోదు. డైక్రోమేట్ జెలటిన్ మీద జిడ్డు ఇంక్ నిలుస్తుందని ఫ్రాన్స్‌లో ఆల్ఫోన్స్ పువాత్వాఁ 1855లోనే చూపించారు. దాన్ని బ్రష్‌తో చేసే ప్రింటుగా ఇంగ్లండ్‌లో జి.ఇ.హెచ్. రాలిన్స్ 1904లో తెచ్చారు. 1907లో వచ్చిన బ్రోమాయిల్ దీని చెల్లెలే కానీ లెక్కలు వేరు. అందులో సిల్వర్ బొమ్మను బ్లీచ్ చేసినప్పుడు జెలటిన్ గట్టిపడుతుంది. ఆయిల్ ప్రింట్‌లో వెండి ఉండదు, బొమ్మంత సైజు నెగటివ్ కావాలి, గట్టిపరిచే పనంతా వెలుగుదే. బ్రోమాయిల్ పుస్తకాల్లోని బ్లీచ్ కొలతలు తెచ్చి ఇక్కడ వాడొద్దు.

పొటాషియం డైక్రోమేట్

మొదటి గొప్పదనం, దొరకడం. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల్లో టైట్రేషన్లకు వాడేది ఇదే కాబట్టి ల్యాబ్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా ఉంటుంది. ఎక్కువ శుద్ధమైన ఏఆర్ గ్రేడ్ అక్కర్లేదు, మామూలు ల్యాబ్ రకం ఎల్ఆర్ చాలు. అందులోని కొద్దిపాటి మలినాలు జెలటిన్‌కు లెక్కే కాదు. సీసా తీసుకునేటప్పుడు లేబుల్ మాత్రం పూర్తిగా చదవండి. పొటాషియం క్రోమేట్ అని ఇంకొకటి ఉంటుంది, నిమ్మపండు పసుపులో ఉంటుంది. తొందరలో అది చేతిలో పెట్టేస్తే ఆయిల్ ప్రింట్‌కు దండగ. దాని స్పందన డైక్రోమేట్ ముందు చాలా తక్కువ.

రెండో గొప్పదనం, నిలవ. నీళ్లలో కలిపిన ద్రావణం గోధుమరంగు సీసాలో ఏళ్లు ఉన్నా చెడదు. నా సలహా 6 శాతం స్టాక్. 30 గ్రాముల పొడిని 400 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, మొత్తం 500 మి.లీ. అయ్యేదాకా నీళ్లు పోయండి. దీనికి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం, రెండింతలు కలిపితే 2 శాతం, అయిదింతలు కలిపితే 1 శాతం. చిన్న కొలతల్లో ప్రతిసారీ పొడి తూయడం కంటే ఇదే నమ్మకం. 0.1 గ్రాము దాకా చూపే త్రాసు మీద పావు గ్రాము తూస్తే వచ్చేది గాఢత కాదు, ఊహ.

స్టాక్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి. గది వేడిమిలో 100 మి.లీ. నీళ్లలో 12 గ్రాములకు పైగా కరిగే ఈ ఉప్పు, గడ్డకట్టే చలి దగ్గరికొచ్చేసరికి 5 గ్రాములు కూడా కరగదు. సీసా అడుగున పలుకులు పేరుకుంటాయి. వాటిని చూసుకోకుండా పైనున్నది వంచుకుంటే 6 శాతం అనుకున్నది ఏ అయిదో అయి ఉంటుంది. ఇక ఆ రోజు ఎక్స్‌పోజర్ ఎందుకు చాల్లేదో ఎంత ఆలోచించినా తెలియదు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. అలాంటి నీళ్లలో డైక్రోమేట్‌లో కొంత క్రోమేట్‌గా మారిపోతుంది. నారింజ రంగు ద్రావణం పసుపులోకి జారుతుంది, దాంతోపాటు వేగం పడిపోతుంది. మన జిల్లాల్లో బోరు నీళ్లు వాడేవాళ్లకు ఇది తరచూ తగిలే చిక్కు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరు కొనుక్కుంటే ఈ తలనొప్పి ఉండదు. ఆర్ఓ నీళ్లూ ఫరవాలేదు. పాత పద్ధతుల్లో కొందరు సెన్సిటైజర్‌లో అమ్మోనియా చుక్కలు వేయమంటారు. దానివల్ల పూత ఎక్కువసేపు నిలుస్తుంది, నిజమే. నిలిచేది డైక్రోమేట్ క్రోమేట్‌గా మారి నెమ్మదించింది కాబట్టి. ఎక్స్‌పోజర్ పెంచడానికి సిద్ధపడితేనే వేయండి.

వాడే తీరు ఇలా. 10×12 అంగుళాల ట్రేలో 3 శాతం ద్రావణం అర లీటరు పోసి, 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంచండి. జెలటిన్ వైపు కిందికి పెట్టి కాగితాన్ని జార్చి, వెంటనే తిప్పి బుడగలు ఉన్నాయేమో చూసి, 3 నిమిషాలు ముంచి ఉంచండి. గాజు పలక మీద వేసి పైతడి మెల్లగా తుడిచి వేలాడదీయండి. తడిగా ఉన్నంతసేపూ దాదాపు వెలుగు సోకదు, ఆరేకొద్దీ చురుకు వస్తుంది. కాబట్టి ముంచేటప్పుడు మామూలు పసుపు బల్బు చాలు, ఆరబెట్టడం మాత్రం చీకట్లో. ముంచే సమయం మారితే గాఢత మార్చినట్టే. 2 నిమిషాలు ఒకసారి, 5 నిమిషాలు ఒకసారి అయితే జెలటిన్ తాగిన డైక్రోమేట్ వేరు, ఎక్స్‌పోజర్ వేరు.

దీని లోపం కూడా ఇక్కడే ఉంది. నీళ్లలో ముంచింది కాబట్టి మళ్లీ ఆరాలి. ఏసీ గదిలో, ఫ్యాన్ కింద రెండు మూడు గంటల్లో అవుతుంది. జూలై, ఆగస్టుల్లో విశాఖలోనో మచిలీపట్నంలోనో ఏసీ లేకుండా ఆరబెడితే రాత్రంతా పడుతుంది. అంతసేపూ చెమ్మ, వేడి, డైక్రోమేట్ కలిసి జెలటిన్‌ను వెలుగు లేకుండానే గట్టిపరుస్తాయి. చీకట్లో జరిగే ఈ గట్టిపడటమే సగం ప్రింట్లను చెడగొట్టేది. నెగటివ్ కింద పెట్టకముందే పని అయిపోయి ఉంటుంది.

అమ్మోనియం డైక్రోమేట్

వేగం ఎక్కువ. అదే శాతంలో పొటాషియంకంటే తక్కువ ఎక్స్‌పోజర్‌తో పని అవుతుంది. నీళ్లలో చాలా ఎక్కువ కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ.కి 35 గ్రాముల దాకా. కొందరికి ఇదే ఆశ పుట్టిస్తుంది, 15 శాతం, 20 శాతం ద్రావణాలు చేసేస్తారు. జెలటిన్‌కు బదులు బంక (గమ్) పూసే గమ్ ప్రింట్‌లో అది నడుస్తుంది, ఎందుకంటే అక్కడ పూత పలచన, కరగని గమ్ కడిగితే పోతుంది. ఆయిల్ ప్రింట్‌లో జెలటిన్ మొత్తం కాగితం మీదే ఉండిపోతుంది. దాని పైపొర ఎంత గట్టిపడిందన్నదే ఇంక్‌కు కావాలి. సెన్సిటైజర్ చిక్కగా ఉంటే నెగటివ్‌లోని దట్టమైన చోట్ల గుండా కారిన కొద్దిపాటి వెలుగు కూడా పైపొరను గట్టిపరుస్తుంది. ఫలితం, హైలైట్ల మీద, అంటే బొమ్మలో తెల్లగా ఉండాల్సిన చోట్ల, బూడిదరంగు ముసుగు. ఎంత నానబెట్టినా, ఎంత గట్టి ఇంక్ వాడినా అది పోదు.

అమ్మోనియం అసలు ఉపయోగం ఆల్కహాల్‌తో కలిపినప్పుడు. నీళ్లలో 8 శాతం స్టాక్ చేసి, వాడబోయే ముందు 1 వంతు స్టాక్‌కు 2 వంతులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపండి. గాఢత సుమారు 2.7 శాతం అవుతుంది. వెడల్పు ఫోమ్ బ్రష్‌తో ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా పూయండి. జెలటిన్ పెద్దగా ఉబ్బదు, అరగంటలో ఆరిపోతుంది. చెమ్మ కాలంలో దీన్ని మించినది లేదు. పొటాషియంతో ఇదే చేద్దామంటే కుదరదు. ఆల్కహాల్ తగలగానే అది ద్రావణంలోంచి పలుకులుగా విడిపోతుంది, బ్రష్ గీతల వెంబడి నారింజ ఇసుకలా కనిపిస్తుంది.

బ్రష్ పూతలో శాతం ఒక్కటే చూస్తే చాలదు, ఎన్ని మి.లీ. పోశారన్నదీ చూడాలి. 8×10 అంగుళాలకు 8 మి.లీ. అని పెట్టుకోండి, సిరంజితో కొలవండి. అదే 2.7 శాతం 5 మి.లీ. పూస్తే ఒక ప్రింట్, 12 మి.లీ. పూస్తే వేరే ప్రింట్. కలిపిన ద్రావణాన్ని దాచకండి. డైక్రోమేట్ ఆల్కహాల్‌ను నెమ్మదిగా ఆక్సీకరిస్తూ తాను ఖర్చయిపోతుంది. ఎండ తగిలితే ఇంకా తొందరగా. నారింజ కాస్తా మట్టిరంగులోకి, ఆకుపచ్చలోకి తిరిగితే పారబోసే సమయం వచ్చినట్టు. స్టాక్ సీసా వేరుగా ఉంచి, ఏ పూటకు ఆ పూట కలుపుకోవాలి.

కొనడంలో, పంపించుకోవడంలో ఇది కొంచెం కష్టం. వేడిచేస్తే తనంతట తానే విచ్ఛిన్నమై ఆకుపచ్చ బూడిద ఎగజిమ్మే పదార్థం, స్కూళ్లలో అగ్నిపర్వతం ప్రయోగంగా చూపించేది ఇదే. కొరియర్‌లో పంపడం సులువు కాదు, చేతికి తెచ్చుకోవడమే మేలు. పొయ్యికి, హీటర్‌కు, చెక్కపొట్టుకు, ఆల్కహాల్ డబ్బాకు దూరంగా ఉంచండి.

యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. 2017 సెప్టెంబరు 21 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఈ రెండు డైక్రోమేట్లనూ ప్రత్యేక అనుమతి లేకుండా వాడటానికి వీల్లేదు. అక్కడివాళ్లు చూడాల్సింది డీఏఎస్ అనే డయాజిడోస్టిల్బీన్ ఉప్పు. క్రోమియం లేదు, చీకట్లో గట్టిపడే చిక్కు దాదాపు లేదు, సెన్సిటైజ్ చేసిన కాగితం నిలవ ఉంటుంది. బదులుగా వెలుగు తగిలిన చోట పసుపు మరక వదులుతుంది, ఖరీదు ఎక్కువ, 395 నుంచి 405 నానోమీటర్ల ఎల్ఈడీల కింద బాగా నెమ్మది. గాఢత మార్చి కాంట్రాస్ట్ మార్చుకునే వీలు డైక్రోమేట్ ఇచ్చినంత ఇవ్వదు.

గాఢత, ఎక్స్‌పోజర్: ఏది దేనికి

గాఢత పెంచితే వేగం పెరుగుతుంది, కాంట్రాస్ట్ తగ్గుతుంది. తగ్గిస్తే వేగం తగ్గుతుంది, కాంట్రాస్ట్ పెరుగుతుంది. ఈ మొదటి సగం చూసి గాఢతను వేగం కోసం వాడటం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. వేగం కావాలంటే లైటు దగ్గరికి జరపండి, ట్యూబులు పెంచండి. గాఢతను కాంట్రాస్ట్ కోసమే ముట్టుకోవాలి. అదీ నెగటివ్ మార్చలేనప్పుడే. డిజిటల్ నెగటివ్ చేసేవాళ్లు కంప్యూటర్‌లో కర్వ్ మార్చుకుంటే అయిపోయే పనికి రసాయనాన్ని మార్చడం దేనికి? 3 శాతం దగ్గర మేకు కొట్టేసి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోండి. కెమెరాలో తీసిన ఫిల్మ్ నెగటివ్ అయితే అది మారదు కాబట్టి, పలచని నెగటివ్‌కు 1.5 శాతం, దట్టమైనదానికి 5 శాతం అని గాఢతను కదిలించాలి.

ఎక్స్‌పోజర్ కట్టుకోవడానికి రెండు అంచెలు. ముందు నెగటివ్ లేకుండా, మీరు నెగటివ్ ప్రింట్ చేసుకునే ఓహెచ్‌పీ ఫిల్మ్ (పారదర్శక ప్లాస్టిక్ షీటు) ఖాళీ ముక్క ఒక్కటే పెట్టి 2, 4, 8, 16 నిమిషాలు ఇవ్వండి. కడిగి, ఆరబెట్టి, నానబెట్టి, గట్టి ఇంక్ వేయండి. ఫిల్మ్ కింద నిండు నలుపు పట్టుకున్న మొదటి సమయమే మీ మూల ఎక్స్‌పోజర్. 4లో బూడిదరంగు, 8లో నలుపు, 16లోనూ అదే నలుపు అయితే 8 తీసుకోండి. ఇంకా కచ్చితంగా కావాలంటే 5, 6, 7తో మరో ముక్క.

తర్వాత అదే సమయంతో స్టౌఫర్ 21 మెట్ల టాబ్లెట్ (మెట్టుమెట్టుకూ నలుపు పెరిగే ఫిల్మ్ పట్టీ) పెట్టి ప్రింట్ చేయండి. ఒక్కో మెట్టు 0.15 డెన్సిటీ (ఫిల్మ్ వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే కొలత), అంటే అర స్టాప్. నిండు నలుపు ఆఖరి మెట్టు నుంచి ఇంక్ అసలు పట్టని మొదటి మెట్టు దాకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 8 మెట్లు వస్తే 1.2. మీ నెగటివ్ డెన్సిటీ రేంజ్, అంటే దాని పలచని చోటుకూ దట్టమైన చోటుకూ మధ్య తేడా, అంత ఉండాలి. గాఢత పెంచితే ఈ మెట్లు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి. లెక్కపెట్టేటప్పుడు ఒకే ఇంక్, ఒకే సంఖ్యలో పోట్లు. ఇంక్‌ను నూనెతో పలచన చేసి హైలైట్లు లాగడం మొదలుపెట్టారంటే మీరు కొలిచేది సెన్సిటైజర్‌ను కాదు, మీ చెయ్యిని.

365 నానోమీటర్ల దరిదాపుల్లో వెలిగే బ్లాక్‌లైట్ ట్యూబులు అన్నిటికంటే నిలకడైనవి. మామూలు గాజు ఆ వెలుగును పోనిస్తుంది. యూవీ అడ్డుకునే అక్రిలిక్ ఫ్రేములు పోనివ్వవు, ఫొటో ఫ్రేముల షాపులో కొన్న అద్దం ఏదో అడిగి తెలుసుకోండి. ఎండ వాడొచ్చు కానీ ఏప్రిల్, మే మధ్యాహ్నపు ఎండ వద్దు. ప్రింటింగ్ ఫ్రేమ్ కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడికి వెలుగు తగలని చోట కూడా జెలటిన్ గట్టిపడుతుంది, చెమ్మ ఏమాత్రం మిగిలినా నెగటివ్‌కు అంటుకుపోతుంది. ఉదయం ఎనిమిది లోపు, లేదా నీడపట్టున ఆకాశపు వెలుగులో ఎక్కువసేపు.

ఎక్స్‌పోజర్ అవగానే నీళ్లలో వేయండి. రేపు కడుగుదాంలే అని పక్కన పెడితే వెలుగు మొదలుపెట్టిన పని చీకట్లో కొనసాగుతూనే ఉంటుంది.

రెండు అంచులు

అన్నిటికంటే ఎక్కువ కాగితం మిగిల్చే అలవాటు ఇది. ప్రతి ప్రింట్‌కూ, మంచిదైనా చెత్తదైనా, రెండు అంచులు పెట్టండి. ఒకవైపు నెగటివ్ పక్కన 1 సెం.మీ. మేర నల్ల టేప్, వెలుగు అసలు తగలకుండా. ఇంకోవైపు అంతే వెడల్పు ఖాళీ ఫిల్మ్, వెలుగు పూర్తిగా తగిలేలా. ఇంక్ వేసేటప్పుడు ముందు ఈ రెండు అంచుల మీద వేసి, బొమ్మ జోలికి తర్వాత వెళ్లండి. తప్పు ఎక్కడుందో అవే చెబుతాయి.

కప్పిన అంచు ఇంక్ పట్టుకుంటే ఎక్స్‌పోజర్‌ను నిందించకండి. అక్కడ వెలుగే తగల్లేదు. కారణం చీకట్లో గట్టిపడటం కావచ్చు, ఆరడం ఆలస్యమైంది, గది వేడిగా ఉంది, సెన్సిటైజ్ చేసి మర్నాటిదాకా ఉంచారు. లేదా నానింది చాల్లేదు. లేదా ఇంక్ మరీ మెత్తగా ఉంది. ఈ మూడింటినీ విడదీయడం తేలిక. ముందు ఇంక్ మార్చండి, లితో ప్రెస్సులో వాడేలాంటి గట్టి నల్ల ఇంక్, నూనె కలపకుండా. అంచు శుభ్రపడితే తప్పు ఇంక్‌దే. పడకపోతే టర్పెంటైన్‌లో తడిపిన దూదితో ఇంక్ తుడిచి, నీళ్ల వేడి 3 డిగ్రీలు పెంచి మళ్లీ పది నిమిషాలు నానబెట్టండి. ఇప్పుడు శుభ్రపడితే నానడం చాల్లేదన్నమాట. 28 డిగ్రీల దాకా వెళ్లినా అంచు మసకగానే ఉంటే ఆ కాగితం ఆరేటప్పుడే పాడైంది. గాఢత తగ్గించడం కంటే ముందు ఆరే సమయం తగ్గించండి, అదే రోజు ప్రింట్ చేయండి.

తెరిచిన అంచు ఇంక్ పట్టుకోకపోతే కథ తిరగబడుతుంది. పైతడి సరిగా అద్దలేదేమో ముందు చూడండి. కంటికి కనిపించని నీటి పొర చాలు, ఇంక్ జారిపోతుంది. బ్లాటింగ్ పేపర్ తర్వాత మెత్తని నూలుగుడ్డతో ఒకసారి అద్ది మళ్లీ వేయండి. అయినా పట్టకపోతే నిజంగానే గట్టిపడలేదు. ద్రావణం రంగు చూడండి, పసుపుగా ఉంటే నీళ్ల తప్పు. నారింజే అయితే ఎక్స్‌పోజర్ రెట్టింపు చేయండి. రెట్టింపుకూ లొంగకపోతే గాజును, లైటును అనుమానించండి. పాత ట్యూబులు కంటికి వెలుగుతూనే ఉన్నా యూవీ తగ్గిపోతుంది.

రెండు అంచులూ చక్కగా ఉండి, బొమ్మ మాత్రం చప్పగా, అంతా ఒకటే బూడిదరంగులో ఉందంటే అప్పుడు గాఢత ఎక్కువైనట్టు, లేదా నెగటివ్ పలచన. 3 నుంచి 2కి తగ్గించి, ఎక్స్‌పోజర్ ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టండి. రెండు అంచులూ బాగుండి, బొమ్మలో మసి, సున్నం తప్ప మధ్యలో ఏమీ లేదంటే గాఢత చాల్లేదు, లేదా నెగటివ్ మరీ దట్టం. షాడోలు బాగుండి హైలైట్లలో వివరం ఒక్కటే పోతే గాఢత ముట్టుకోకుండా ఎక్స్‌పోజర్ పావు వంతు పెంచి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, అదేమిటో కాగితం వెనక పెన్సిల్‌తో రాయడం, ఈ రెండూ మానకండి.

ఇంక్ తాకకముందే చూడగలిగేది కూడా ఒకటుంది. నానిన కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకోండి. కప్పిన అంచు మెరుస్తూ పొంగి ఉండాలి, తెరిచిన అంచు మెరుపు లేకుండా కిందికి ఉండాలి, టేప్ గీత దగ్గర చిన్న మెట్టు వేలికి తగలాలి. ఆ మెట్టు లేదంటే బ్రష్ తీసినా లాభం లేదు.

కడగడం, నానబెట్టడం

మొదటి కడుగు 20 డిగ్రీల లోపు నీళ్లలో, మారుస్తూ అరగంట నుంచి ముప్పావు గంట, అంచు తెల్లబడేదాకా. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు నేరుగా పోస్తే జెలటిన్ కాగితం మీంచి జారిపోతుంది. గట్టిపడని జెలటిన్ 35 డిగ్రీల దగ్గరికి వస్తే కరగడం మొదలవుతుంది. కుండ నీళ్లు, ఐసు ముక్కలు, థర్మామీటరు దగ్గర పెట్టుకోండి.

పసుపు తొందరగా పోవాలని మెటాబైసల్ఫైట్‌లో వేసేవాళ్లున్నారు. పసుపు అంతా నీళ్లలోనే పోయాక మిగిలిన లేత మరకకు 1 శాతం ద్రావణంలో రెండు నిమిషాలు ముంచితే తప్పులేదు. డైక్రోమేట్ నిండా ఉండగా ముంచితే అక్కడికక్కడే అది మూడో వేలెన్సీ క్రోమియంగా మారుతుంది. జెలటిన్‌ను గట్టిపరచడానికి వాడే క్రోమ్ ఆలమ్ అనే ఉప్పు పనిచేసేది ఆ క్రోమియంతోనే. మీరు శుభ్రంగా ఉంచుకున్న హైలైట్లు అక్కడ బిగుసుకుంటాయి, కప్పిన అంచు మసకబారుతుంది, మీరేమో ఎక్స్‌పోజర్ తగ్గిస్తూ కూర్చుంటారు.

కడిగాక పూర్తిగా ఆరబెట్టి, తర్వాత 22 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నానబెట్టండి. మెట్టు చాలకపోతే 25, ఆపైన 28. ఇంక్ వేసేటప్పుడు కాగితం ఆరిపోతూ ఉంటుంది, అడుగున తడి బ్లాటింగ్ పేపర్ ఉంచుకోండి. పది, పదిహేను నిమిషాలకోసారి మళ్లీ నీళ్లలో వేసి తీయండి. ఫ్యాన్ ఆపేయండి.

జెలటిన్ గురించి ఒక్కటే మాట, కానీ గట్టిగా. కేకు సామాన్ల షాపులో వెజ్ జెలటిన్ అన్నది, కిరాణా కొట్లో చైనా గ్రాస్ అన్నది జెలటిన్ కావు, సముద్రపు నాచు సరుకు. ఈ పనికి పనికిరావు. 250 బ్లూమ్ (జెలటిన్ ఎంత గట్టిగా పేరుకుంటుందో చెప్పే కొలత) అని రాసి ఉన్న అసలు జెలటిన్, 8 నుంచి 10 శాతం, మందమైన నీటిరంగుల కాగితం మీద తడిగా సుమారు 1 మి.మీ. మందం పూత. తక్కువ బ్లూమ్ సరుకు అయితే మన వేడికి నానేటప్పుడే చిరుగుతుంది. సెన్సిటైజర్ ఏదైనా దాన్ని కాపాడలేదు.

వాడి పడేయడం

రెండు సీసాలకూ ఇక్కడ ఒకటే మార్కు, తక్కువే. ఆరో వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ పుట్టి జీవితాంతం ఉంటుంది. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పొడి తూసేటప్పుడు మాస్క్, ఫ్యాన్ ఆపి. ఆరిన పూతను గోకొద్దు, వంటగది పాత్రలు వాడొద్దు, పిల్లలకు అందే చోట పెట్టొద్దు.

వాడిన ద్రావణాన్ని, మొదటి కడుగు నీళ్లను సింకులో పోయకుండా ఒక బకెట్‌లో పట్టండి. కొద్దిగా వెనిగర్ వేసి, మెటాబైసల్ఫైట్ చెంచాల చొప్పున కలపండి. గాలి బాగా ఆడే చోట చేయండి, ఘాటు వాసన వస్తుంది. నారింజ పోయి పూర్తిగా ఆకుపచ్చగా మారాక వాషింగ్ సోడా కొద్దికొద్దిగా వేయండి, నురగ ఆగేదాకా. బూడిద ఆకుపచ్చ మడ్డి అడుగుకు దిగుతుంది. ఒక రాత్రి ఉంచి, పైతేట రంగు లేకుండా ఉంటేనే వంచేయండి. మడ్డిని వడగట్టి, ఆరబెట్టి, మూత సీసాలో పోగేసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. దగ్గర్లో కాలేజీ ల్యాబ్ ఉంటే వాళ్ల వ్యర్థాలతో కలిపి పంపుతారేమో అడగొచ్చు. 500 గ్రాముల సీసా చవగ్గా వస్తుందని తీసుకోకండి. 100 గ్రాములతో 3 శాతం ద్రావణం మూడు లీటర్లకు పైనే అవుతుంది.